అమ్మమ్మగారింటి ఏడు మెట్లు

జపాన్‌లో ఆడపిల్ల పుట్టాక వచ్చే తొలి మార్చి 3 నాటికి ఆ ఇంట్లో కొత్తగా పదిహేను మంది దిగుతారు. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద, అన్నిటికంటే పైన బంగారు తెర ముందు, రాజూ రాణీ కొలువుదీరతారు. వాళ్ల కింద సాకే మద్యం పోసే ముగ్గురు పరిచారికలు. ఆ కింద నోహ్ నాటకాల మేళం అయిదుగురు: ఒకరు పాడతారు, ఒకరు వేణువు ఊదుతారు, మిగతా ముగ్గురివీ డోళ్లు. నాలుగో మెట్టు మీద ఇద్దరు మంత్రులు. అయిదో మెట్టు మీద ముగ్గురు సేవకులుంటారు. ఒకడు ఏడుస్తుంటాడు, ఒకడు నవ్వుతుంటాడు, ఒకడు మొహం చిట్లించుకుని ఉంటాడు. చివరి రెండు మెట్లూ సామానుకి: బట్టల పెట్టెలు, అద్దం, కుట్టుపెట్టె, టీ సరంజామా, పల్లకి, ఎడ్లబండి. మొత్తం చూస్తే ఒక రాచపెళ్లికి పట్టిన సారె. ఇదంతా ఎవరి కోసం వచ్చిందో ఆ పిల్లకి ఇంకా పాకడం కూడా రాకపోవచ్చు.

ఇవి హినా బొమ్మలు, ఆనాటి పండుగ హినా మత్సురి. వీటిని కొనిపెట్టడం ఎక్కువ చోట్ల తల్లి పుట్టింటివారి వంతు, అంటే పాప అమ్మమ్మ తాతయ్యల వంతు. పేరుకి బొమ్మలే గానీ పిల్ల చేతికి ఇవ్వరు. తెల్లటి ముఖానికి వేలి జిడ్డు అంటుకుంటే పోదని పెద్దవాళ్లే చేతులకు తొడుగులు వేసుకుని సర్దుతారు. ఏడాదిలో మూడు నాలుగు వారాలు బయట, మిగతా కాలమంతా పెట్టెలో. ఓ మాదిరి సెట్టు కొన్నా లక్ష యెన్ దాటుతుంది. మంచి పనితనం ఉన్నదైతే మూడు లక్షల పైమాటే. వద్దనడానికి కూతురికి నోరు రాదు, పెట్టుకోవడానికి ఇంట్లో చోటుండదు. ఈ కానుక చరిత్ర తిరగేస్తే తగాదాలన్నీ పరిమాణం దగ్గరే కనిపిస్తాయి: ఎంత ఎత్తు, ఎన్ని మెట్లు, ఎంత బంగారం. దేశాన్ని ఏలిన సైనికాధిపతులు, షోగన్లు సైతం ఆ తగాదాలో తలదూర్చారు. గెలవలేదు.

మొదట్లో ఈ బొమ్మలు దాచుకునేవి కావు, నీళ్లలో వదిలేసేవి. మూడో నెలలో ఒక శుద్ధి కర్మ ఉండేది. కాగితంతోనో గడ్డితోనో మనిషి ఆకారం చేసి, దాంతో ఒళ్లంతా తుడుచుకుని, తమ కీడంతా దానికి పట్టించామనుకుని ఏట్లోనో సముద్రంలోనో వదిలేవారు. పదకొండో శతాబ్దం తొలినాళ్లలో మురసకి షికిబు రాసిన గెంజి గాథలో, రాజధానికి దూరమై సుమా తీరంలో ఉంటున్న గెంజి ఇలాగే ఒక బొమ్మను పడవలో పెట్టించి సముద్రంలోకి పంపుతాడు. అదే గ్రంథంలో వేరేచోట చిన్నపిల్ల మురసకి బొమ్మలూ బొమ్మరిళ్లూ ముందేసుకుని ఆటలో మునిగి ఉంటుంది. పదేళ్లు దాటాక ఇంకా బొమ్మలేమిటని దాది మందలిస్తుంది. కీడు మోసే బొమ్మ ఒకటి, ఆడుకునే బొమ్మ మరొకటి. ఈ రెండూ కలిసి ఒక్క బొమ్మ కావడానికి ఇంకా కొన్ని వందల ఏళ్లు పట్టింది.

మధ్యలో మరో రకం ఉంది. పసిబిడ్డ పక్కలో పడుకోబెట్టే హోకో: తెల్లటి పట్టుగుడ్డతో కుట్టి లోపల దూది కూరిన బొమ్మ. బిడ్డకు రావలసిన జబ్బు దానికి వస్తుందని నమ్మకం. గొప్పింటి ఆడపిల్లలు పెళ్లయ్యాక దాన్ని అత్తారింటికి వెంట తీసుకువెళ్లేవారు. నీళ్లలో వదిలేయవలసిన బొమ్మ పెట్టెలోకి చేరే దారి ఇక్కడే మొదలైందనుకోవచ్చు. పట్టుబట్ట కట్టిన బొమ్మను, పైగా బిడ్డకు రక్షగా ఉన్నదాన్ని, ఏ తల్లి మాత్రం నీళ్ల పాలు చేస్తుంది?

పదిహేడో శతాబ్దంలో తొకుగవ షోగన్లు ఏడాదికి అయిదు పండుగలను అధికారికం చేశారు. మూడో నెల మూడో రోజు అందులో ఒకటి, పీచ్ పూలు పూసే వేళ. క్యోటో అంతఃపురంలో కూర్చున్న భంగిమలో రాజూ రాణీ బొమ్మలు పెట్టడం మొదలైంది. అది అక్కడి నుంచి ఎదోకి, అంటే నేటి టోక్యోకి, అక్కడి నుంచి వ్యాపారుల ఇళ్లకి పాకింది. మొదట్లో ఒక జంట, ఒక తెర, నాలుగు పళ్లేలు అంతే. మెట్టు కూడా ఒకటే.

వ్యాపారికి డబ్బు వచ్చింది గానీ హోదా రాలేదు. కత్తి కట్టకూడదు, ఫలానా పట్టు కట్టకూడదు, ఇల్లు ఇంత ఎత్తుకు మించకూడదు. ఇన్ని ‘కూడదు’ల మధ్య మనవరాలి పండుగకు కొనే బొమ్మలో మాత్రం చక్రవర్తిని ఇంటికి తెచ్చుకునే వీలుంది. తెచ్చుకున్నారు. బొమ్మలు పెరుగుతూ పోయాయి. పద్దెనిమిదో శతాబ్దం తొలిపాదానికి కొన్ని రెండడుగుల దాకా వచ్చాయి. రాణి పన్నెండు పొరల పట్టు అంచులు నేలంతా పరుచుకునేవి.

1716లో గద్దెనెక్కిన ఎనిమిదో షోగన్ యోషిమునె పొదుపు మనిషి. ఖజానా ఖాళీగా ఉంది. ఆయన ఏలుబడిలో, 1721లో, హినా బొమ్మ ఎనిమిది సున్‌లకు, అంటే సుమారు 24 సెంటీమీటర్లకు, మించకూడదని ఆజ్ఞ వెలువడింది. దాని ఫలితం ఎలా ఉందో చెప్పడానికి ఒక్క విషయం చాలు. ఆ యుగం పేరు క్యోహో. ఇవాళ మ్యూజియంలలో, వేలంశాలల్లో అన్నిటికంటే భారీగా, అన్నిటికంటే ఆర్భాటంగా కనిపించే పాత హినా జంటల్ని ‘క్యోహో బొమ్మలు’ అంటారు. పొదుపు షోగన్ యుగం పేరు చివరికి ఆ ఆడంబరానికే అంటుకుంది.

ఆ శతాబ్దం చివర్లో మరో సంస్కర్త వచ్చాడు. 1787 నుంచి 1793 వరకు షోగన్ ప్రభుత్వాన్ని నడిపిన మత్సుదైర సదనొబు వేశ్యావాటికల నుంచి పుస్తకాల బొమ్మల దాకా దేన్నీ వదల్లేదు, హినా బొమ్మల్నీ వదల్లేదు. అప్పట్లో ఎదోలో బొమ్మల తయారీలో పెద్ద పేరు హర షుగెత్సు. ఆ పేరు ఒక తరం నుంచి మరో తరానికి సంక్రమించేది. కళ్లకు గాజు పొదిగి, బట్టల మీద దట్టంగా కుట్టుపని చేసి, ఎదో జనానికి నచ్చే ‘కొకిన్’ రకం బొమ్మను తీర్చిదిద్దింది వాళ్లే. కొలత మీరి, దర్పం మీరి బొమ్మలు చేశాడని షుగెత్సుకు శిక్ష పడింది. పసిపాప పండుగ కోసం బొమ్మ చేసినవాడు నేరస్థుడయ్యాడు. అయినా ఆయన నమూనానే తర్వాతి వందేళ్లకు ప్రమాణమై కూర్చుంది. ఇవాళ దుకాణంలో దొరికే మామూలు హినా జంటలో ఉన్న పోలిక ఆ కొకిన్‌దే.

ఎత్తు మీద ఆంక్ష పెడితే జనం ఏం చేశారో చూస్తే ముచ్చటేస్తుంది. బొమ్మల్ని చిన్నవి చేశారు. మరీ చిన్నవి: గసగసాల పేరు పెట్టిన ‘కెషి’ బొమ్మలు రెండు మూడు అంగుళాలకు మించవు. దంతంతో చెక్కిన తలలు, వాటికి తగ్గ నేత. ఎదోలో ఉఎనో చెరువు దాపున నానసవయ అనే దుకాణం ఈ బొమ్మలకు సామాను చేసి పేరుపొందింది. గోటి మీద పట్టే పుస్తకాలు, తెరిస్తే తెరుచుకునే బంగారు చిత్రాల లక్క పెట్టెలు, చిటికెడంత పళ్లేలు, ఆటబల్లలు. అసలు సైజు సామాను ఇంతకంటే చవగ్గా వస్తుందనిపించే పని అది. ఎనిమిది సున్‌ల ఆజ్ఞలో ఒక్క అక్షరం మీరకుండానే ఆడంబరం మరింత ఖరీదైంది. అధికారుల దగ్గర కొలబద్ద ఉంది గానీ త్రాసు లేదు.

బొమ్మల కొనుగోలుకు ఎదోలో చోటు నిహొన్‌బషి దగ్గరి జిక్కెన్‌దన. పండుగ దగ్గరపడితే వీధి మధ్యలో కూడా తాత్కాలికపు అంగళ్లు వెలిసేవి. పంతొమ్మిదో శతాబ్దపు ఎదో నగర చిత్రగ్రంథంలో ఆ సంత బొమ్మ ఉంది. హొకుసై కూడా దాన్ని గీశాడు. బేరం కూడా ఆ సంతలో భాగమే.

టోక్యోకి ఉత్తరంగా ఉన్న ఇవత్సుకి ఇవాళ్టికీ బొమ్మల ఊరే. నిక్కోలోని తొషోగు ఆలయం కట్టడానికి పోయిన పనివాళ్లు తిరుగుదారిలో అక్కడ ఆగిపోయారని, ఆ ప్రాంతంలో కిరి చెట్లు మెండుగా ఉండటం వాళ్లకు కలిసొచ్చిందని చెప్పుకుంటారు. కిరి తేలికపాటి కలప, దాంతో బట్టల పెట్టెలు చేసేవారు. పెట్టెల పనిలో రాలే రంపపు పొట్టును గోధుమ గంజితో కలిపి ముద్ద చేసి, అచ్చులో నొక్కి తల తీసేవారు. ఆరాక దాని మీద ఆల్చిప్పల సున్నాన్ని జంతుచర్మపు జిగురుతో కలిపి పొరమీద పొర పూస్తారు. కళ్ల మీద కూడా పూత పడిపోతుంది. ఆ తర్వాత సన్నటి కత్తితో కంటి దగ్గర పూతను చీల్చి చూపు తెప్పిస్తారు. మన కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో చేసిన అవయవాల్ని అతకడానికి, నునుపు తేల్చడానికి రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపిన మక్కు వాడతారు. ఒకరి గురించి ఒకరికి తెలియని రెండు ఊళ్లు పారేయాల్సిన పొట్టుని ఒకే తీరున వాడుకోవడం చూస్తే బొమ్మల పనివాళ్లకు కులదైవం ఒకరేనేమో అనిపిస్తుంది.

ఒక హినా బొమ్మ ఒక్కరి చేతిలో తయారవదు. తల ఒకరు చేస్తారు, జుట్టు మరొకరు, చేతులూ కాళ్లూ ఇంకొకరు. విసనకర్రలు, కత్తులు, కిరీటాలు చేసే ఇళ్లు వేరే. చివర బట్టలు కట్టేవాడు గడ్డి మొండేనికి పట్టు చుట్టి, తీగ పెట్టిన చేతుల్ని మోచేతి దగ్గర వంచుతాడు. ఆ వంపు చూసి ఫలానా పనివాడిదని చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. అమ్మమ్మ కట్టే ఖరీదులో ఇన్ని ఇళ్ల కూలి ఉంది కాబట్టే ఎంత బేరమాడినా ఒక మట్టున ఆగుతుంది.

ఇంతకీ అమ్మమ్మే ఎందుకు? దీనికి పెళ్లి సారెలో సమాధానం ఉంది. దైమ్యో ప్రభువుల ఇళ్లలో కూతురు అత్తవారింటికి వెళ్లేటప్పుడు ఇచ్చే పెట్టెలు, అద్దాలు, గవ్వల ఆట డబ్బాలు అన్నిటికీ చిన్న నకళ్లు చేయించి, వంశముద్ర వేయించి హినా సామానుగా కూడా పంపేవారు. నగొయలోని తొకుగవ కళా మ్యూజియం ఏటా వసంతంలో ఒవరి తొకుగవ వంశపు ఆడపడుచుల, కోడళ్ల హినా సామాను ప్రదర్శనకు పెడుతుంది. అసలు సారెనూ దాని బుల్లి నకలునూ పక్కపక్కన చూస్తే, ఆట ఎక్కడ ఆగి ఆస్తి ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం. పై వర్గాల ఈ పద్ధతి కింది వర్గాలకు దిగాక సారె మనవరాలి దాకా సాగింది. పెళ్లయిన పిల్ల పుట్టింటికి తరచూ రావడం మర్యాద కాని రోజుల్లో తొలి మార్చి పండుగ ఆమె తల్లిదండ్రులకు వియ్యంకులింటి గడప తొక్కడానికి ఒప్పుదల ఉన్న సాకు అని కూడా అంటారు. వట్టి చేతులతో వెళ్లలేరు కదా. మగపిల్లాడైతే మే 5 పండుగకు కవచం, శిరస్త్రాణం, గాల్లో ఎగిరే చేప జెండాలు. అవీ చాలా చోట్ల పుట్టింటి నుంచే. కొన్ని ప్రాంతాల్లో మాత్రం ఖర్చు తండ్రి తరఫువారిది.

ఉత్తరాన యమగత ప్రాంతానికి హినా బొమ్మలు చేరిన దారి ఇంకా రంజుగా ఉంటుంది. అక్కడ పండే కుసుమపువ్వు నుంచి ఎర్రరంగు వస్తుంది. క్యోటో నేతగాళ్లకు, పెదవులకు రంగు చేసేవాళ్లకు అది కావాలి. మొగమి నది మీదుగా సకత రేవుకి, అక్కడి నుంచి జపాన్ సముద్రం మీద ఓడల్లో పడమటికి ఆ సరుకు వెళ్లేది. తిరుగు ఓడలో వ్యాపారులు తమ ఇళ్ల పిల్లల కోసం క్యోటో హినా బొమ్మల్ని మోసుకొచ్చేవారు. అందుకే ఎక్కడో మంచు కురిసే కహొకు పట్నంలోని యాచిలో మంచి క్యోహో జంటలు మిగిలాయి. అక్కడ పండుగ ఇప్పటికీ ఏప్రిల్ 2, 3 తేదీల్లో చేస్తారు. పాత చాంద్రమానానికి ఆ తేదీలే దగ్గర, పైగా మార్చి మొదట్లో అక్కడ ఇంకా మంచే.

డబ్బు లేని తాతయ్యలూ ఉన్నారు. వాళ్లకు మట్టిబొమ్మలు, కాగితం బొమ్మలు ఉండేవి. క్యూషు దీవిలోని యనగవలో ఇంటి ఆడవాళ్లు పాత కిమోనో ముక్కలతో చిన్న చిన్న పక్షులు, కుందేళ్లు, పిల్లలు కుట్టి దారాలకు వేలాడదీసేవారు. ఏడు దారాలు, దారానికి ఏడు, మధ్యలో రెండు పెద్ద దారపు బంతులు, మొత్తం 51. మనిషి ఆయుష్షు యాభై అనుకునే రోజుల్లో పిల్ల దానికంటే ఒక్కటైనా ఎక్కువ బతకాలని ఆ లెక్క. అమ్మమ్మ, నాయనమ్మ, అత్తలు, పిన్నులు తలా కొన్ని కుట్టేవారు. ఇజు ద్వీపకల్పంలోని ఇనతొరిలోనూ, సకతలోనూ ఇలాంటి వేలాడే అలంకారాలే ఉన్నాయి. చూసే కళ్లకు ఇవి లక్షల యెన్‌ల సెట్లకంటే అందంగా ఉంటాయి. అది ఈ రచయిత అభిప్రాయం మాత్రమే అనుకోనక్కర్లేదు, ఆ ఊళ్లకు వసంతంలో వెళ్లే పర్యాటకుల రద్దీ అదే చెబుతుంది.

మెట్లు, రాజూ రాణీ అనగానే తెలుగువాళ్లకు బొమ్మల కొలువు మెదులుతుంది. దసరాకో సంక్రాంతికో మెట్లు కట్టి తెల్లటి గుడ్డ పరవడం, ఆ మెట్లు బేసి సంఖ్యలో ఉండాలనడం, పేరంటం, అమ్మమ్మ పెట్టెలోంచి దిగిన పాత ఎర్రచందనం జంట. పోలికలు చాలానే. రెండూ ఎవరికి వారు పెంచుకున్న పద్ధతులే. మన కొలువు మాత్రం ఏడాదికో బొమ్మ చొప్పున కూడుతుంది. తిరుపతి వెళ్లినప్పుడొకటి, కొండపల్లి నుంచొకటి, ఎవరో మద్రాసు నుంచి తెచ్చిన రైలుబండి ఒకటి. పై మెట్టున దేవుళ్లు, కింది మెట్టున పోలీసు. అంతా ఒకేసారి ఒకే పెట్టెలో కొనితేవడమనేది లేదు. ఒకప్పుడు హినా బొమ్మల కొలువు కూడా ఇలాగే పెరిగేది. తొలి ఏడు జంట, తర్వాత పరిచారికలు, ఇంకొన్నాళ్లకు మేళం. చుట్టాలు తలా ఒకటి తెచ్చేవారు. రకరకాల కొలతల బొమ్మలు పక్కపక్కనే ఉండేవి.

ఆ అలవాటును మార్చింది డిపార్ట్‌మెంటు స్టోర్లు. అంతకుముందే పండుగకు ఒక దెబ్బ తగిలింది. 1873లో మెయిజీ ప్రభుత్వం పాశ్చాత్య క్యాలెండరుకు మారి, అదే ఏడు పాత అయిదు పండుగల అధికారిక హోదా తీసేసింది. తేదీ నెల రోజులు ముందుకు జరిగి, పీచ్ పూల పండుగ పీచ్ పూయని కాలంలో పడింది. ఇప్పటికీ మార్చి 3 సెలవు కాదు, మగపిల్లల పండుగ మే 5 మాత్రం 1948 చట్టంతో ‘పిల్లల దినోత్సవం’గా జాతీయ సెలవైంది. మార్చి 3ని సెలవు చేయాలని అడిగినవాళ్లూ ఉన్నారు గానీ నెగ్గలేదు. అయితే ఖాళీ పడ్డ చోటులోకి వ్యాపారం దూరింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో మిత్సుకొషి వంటి స్టోర్లు రాజూ రాణీ నుంచి ఎడ్లబండి దాకా అన్నీ ఒకే కొలతలో, ఒకే ధరకు, ఒకే సెట్టుగా అమ్మసాగాయి. ఏడు మెట్లు, పదిహేను మంది, ఎర్ర తివాసీ అనే లెక్క స్థిరపడింది ఆ కాలంలోనే. ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు. రాజు కూర్చునే వైపు కూడా మారింది. క్యోటో పాత పద్ధతిలో చూసేవాళ్లకు రాజు కుడివైపు ఉంటాడు. పాశ్చాత్య రాజ మర్యాదను అనుసరించి 1928 పట్టాభిషేకంలో చక్రవర్తి, మహారాణి నిలిచిన తీరు చూసి టోక్యో దుకాణాలు రాజును ఎడమవైపుకు జరిపాయి. క్యోటోవాళ్లు జరపలేదు. రెండు ఊళ్ల వియ్యంకులు కలిసిన ఇంట్లో దీని మీద ఒక చిన్న వాదన తప్పదు.

అసలు ఏడు మెట్ల స్వర్ణయుగం మాత్రం రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. 1960లు, 70లు. జీతాలు పెరిగాయి, యుద్ధంలో తమకంటూ ఏదీ మిగలనివాళ్లు అమ్మమ్మలు, తాతయ్యలు అయ్యారు. అసలు కంటే వడ్డీ ముద్దు అన్న సామెత వాళ్లకు తెలియకపోవచ్చు గానీ ఆ లెక్క బాగా తెలుసు. 1973లో జపాన్‌లో దాదాపు 20 లక్షల 90 వేల మంది పిల్లలు పుట్టారు. చెక్క మెట్ల స్థానంలో మడిచిపెట్టుకునే ఉక్కు చట్రాలు వచ్చాయి. టీవీ ప్రకటనలు వచ్చాయి. ఊళ్లలోని తాతయ్య పట్నంలోని కూతురికి సెట్టు కొని లారీలో వేయించేవాడు.

పట్నంలో ఆ కూతురు ఉండేది ఎక్కడ? 1955లో ఏర్పడిన జపాన్ గృహనిర్మాణ సంస్థ కట్టిన ‘దాంచి’ ఫ్లాట్లలో. రెండు గదులు, వంటగదిలోనే భోజనం, మొత్తం కలిపితే 40 చదరపు మీటర్ల చుట్టుపక్కల. పూర్తి సెట్టు పరిస్తే వెడల్పు నాలుగడుగులు, లోతు ఇంకాస్త ఎక్కువ, ఎత్తు మనిషంత. ఫిబ్రవరి తొలినాళ్ల నుంచి మార్చి 3 దాకా ఒక గది చక్రవర్తిగారికి ఇచ్చేసి, తల్లీ తండ్రీ బిడ్డా మిగిలిన గదిలో పడుకోవాలి. మార్చి 3 దాటాక వెంటనే సర్దేయాలి, లేకపోతే పిల్ల పెళ్లి ఆలస్యమవుతుందని శాస్త్రం. ఆ శాస్త్రం వెనక పురుగుల భయం, తడిగాలి భయం, పరుపులు వేసుకునే చోటు కోసం ఆరాటం ఎంతెంత ఉన్నాయో పంచి చెప్పలేం. సర్దిన పెట్టెలు అల్మారాలో సగం తినేస్తాయి.

అయినా తీసుకున్నారు. తీసుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉంది. మామూలు కానుకకు జపాన్‌లో విలువలో సగమో మూడో వంతో తిరుగు కానుక ఇవ్వాలి. హినా బొమ్మలకు ఆ అవసరం లేదు, ఇచ్చినవాళ్లను భోజనానికి పిలిస్తే చాలు. చేపముక్కలూ గుడ్డు తురుమూ చల్లిన చిరషి అన్నం, ఎరుపు తెలుపు ఆకుపచ్చ పొరల పిండిముద్దలు, ఆల్చిప్పల పులుసు. ఆ జాతి ఆల్చిప్పలో ఒక సగానికి దాని జత సగమే అమరుతుంది, మరొకటి అమరదు. పిల్లకు తగిన మొగుడు దొరకాలన్న కోరిక అలా గిన్నెలోకి దిగింది. తాతయ్య రాలేకపోతే బొమ్మల ముందు పాపను కూర్చోబెట్టి తీసిన ఫొటో పంపుతారు. నాలుగడుగుల మెట్లకు తీర్చవలసిన బాకీ ఒక పూట భోజనం, ఒక ఫొటో.

1721 ఆజ్ఞ చేయలేని పనిని 40 చదరపు మీటర్ల ఇల్లు చేసింది. 1980ల తర్వాత ఏడు మెట్లు మూడయ్యాయి, మూడు ఒకటయ్యాయి. గాజు పెట్టెలో అమర్చినవి వచ్చాయి. బొమ్మలను లోపల దాచుకునే పెట్టెనే వేదికగా వాడే రకం వచ్చింది. ఇవాళ ఎక్కువగా అమ్ముడయ్యేవి రాజూ రాణీ ఇద్దరే ఉన్న సెట్లు, బల్ల మీదనో షెల్ఫు మీదనో ఇమిడేవి. వాటిలో చాలా జంటల ఎత్తు ఎనిమిది సున్‌ల లోపే ఉంటుంది. పరిచారికలు, మేళం, నవ్వే సేవకుడు, ఏడ్చే సేవకుడు వెళ్లిపోయారు. మళ్లీ మొదటి రోజుల్లోలాగా ఒక జంట, ఒక తెర.

పాత సెట్లు మరి? పిల్లకో సెట్టు ఉండాలి, అక్కది చెల్లికి, అమ్మది కూతురికి పనికిరాదు, ఒకరి కీడు మోసిన బొమ్మ మరొకరికి రక్ష కాదని బొమ్మల వ్యాపారులు చెబుతారు. పాత హోకో కాలం నాటి నమ్మకమే ఇది. కాకపోతే అమ్మేవాడికి ఇంత అనుకూలమైన నమ్మకం దొరకడం అరుదు. తొకుగవ ఇంటి బొమ్మలు తరాలు మారాయి, యమగత వ్యాపారుల ఇళ్లలో ముత్తవ్వ బొమ్మలే ఇప్పటికీ మెట్లెక్కుతున్నాయి. వాళ్ల పిల్లలకు ఏ కీడూ ప్రత్యేకంగా జరిగిన దాఖలా లేదు.

ఎవరికీ అక్కర్లేని సెట్లు మాత్రం పోగుపడ్డాయి. షికొకు దీవిలో కత్సుఉర అనే చిన్న పట్నం 1988లో దేశం నలుమూలల నుంచి ఇలాంటి బొమ్మల్ని పోగుచేసి ‘పెద్ద హినా పండుగ’ మొదలుపెట్టింది. ఏటా దాదాపు 30 వేల బొమ్మలు, మధ్యలో వంద మెట్ల గోపురం. టోక్యో పక్కన చిబ రాష్ట్రంలో అదే పేరున్న మరో కత్సుఉర 2001లో వాళ్ల దగ్గర నుంచి ఏడువేల బొమ్మలు తెచ్చుకుని తన పండుగ తను మొదలుపెట్టింది. అక్కడ ఆలయానికి ఎక్కే 60 రాతిమెట్ల మీద సుమారు 1,800 బొమ్మలు కూర్చుంటాయి. సాయంత్రం అన్నీ లోపలికి చేర్చి పొద్దున మళ్లీ పరవాలి, వాన వస్తే ఆ రోజుకు అంతే. వకయమలోని అవషిమ ఆలయం బొమ్మల్ని స్వీకరించి పూజ చేస్తుంది. మార్చి 3న వాటిలో కొన్నిటిని పడవల్లో పేర్చి సముద్రంలోకి పంపుతారు. గెంజి పంపిన బొమ్మ కాగితందో గడ్డిదో, ఇవి పట్టువి. టోక్యోలోని మెయిజీ ఆలయంలో ఏటా అక్టోబరులో బొమ్మలకు కృతజ్ఞత చెప్పి సాగనంపే కార్యక్రమం జరుగుతుంది. రుసుము కట్టి అప్పగించాలి.

పుట్టే పిల్లలూ తగ్గిపోయారు. 2016లో తొలిసారి పది లక్షల లోపుకు దిగిన జననాలు 2024లో ఏడు లక్షల లోపుకు పడిపోయాయి. ఒక్క మనవరాలి చుట్టూ అమ్మానాన్నలు ఇద్దరు, రెండువైపులా తాతయ్యలూ అవ్వలూ నలుగురు. మొత్తం ‘ఆరు జేబులు’ అని జపాన్ వ్యాపారులు ఆశగా లెక్కపెట్టుకుంటారు. ప్రభుత్వానిదీ అదే ఆశ. 2013 ఏప్రిల్ నుంచి తాతలు మనవల చదువు కోసం ఒక్కొక్కరికి కోటిన్నర యెన్ దాకా ఇస్తే కానుక పన్ను లేదని చట్టం తెచ్చింది. పెద్దవాళ్ల దగ్గర కదలకుండా ఉన్న డబ్బు బయటికి రావాలని దాని ఉద్దేశం. ఒకనాడు తాత చేతిని పట్టుకుని ఆపిన రాజ్యం ఆ తర్వాత అదే చేతిని లాగింది.

కొనుగోలు తీరు కూడా మారింది. ఇప్పుడు జనవరిలో కూతురు, అల్లుడు షెల్ఫు కొలత టేపుతో కొలుచుకుని, కేటలాగులో జంటను ఎంచుకుని, పేరు పెద్దవాళ్లకు పంపుతారు. పెద్దవాళ్లు డబ్బు కడతారు. కొన్ని ఇళ్లలో ఇరువైపులవారూ చెరిసగం వేసుకుంటారు. లేత గులాబీ, బూడిద రంగు బట్టల బొమ్మలు వచ్చాయి. ఎర్ర తివాసీ ఇంట్లో సోఫాకి నప్పదట. కూతురి కోసం ఎప్పుడో కొన్న ఏడు మెట్ల సెట్టు మాత్రం అమ్మమ్మ ఇంట్లోనే ఉంది. ఇల్లు చిన్నది చేసుకునే వయసులో ఆవిడ ఫోన్ చేసి, ఆ పెట్టెలు నువ్వు తీసుకెళ్తావా, గుడికి పంపించెయ్యనా అని అడుగుతుంది. కూతురు మళ్లీ టేపు తీస్తుంది.